పాయింట్ ఎయిట్ త్రీ

2022లో మా పాత పశ్చిమ గోదావరి జిల్లాను విడగొట్టారు. దాంతో నా ఇల్లూ నా ఉద్యోగమూ వేరువేరు జిల్లాల్లోకి వెళ్ళిపోయాయి. ఇల్లు తాడేపల్లిగూడెంలో, ఉద్యోగం ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో. పొద్దున్నే రైలెక్కి పుళ్ళ, భీమడోలు, దెందులూరు దాటుకుంటూ ఏలూరు చేరడం అప్పటికి తొమ్మిదేళ్ళుగా అలవాటు. క్యాథ్‌ల్యాబ్ అంటే గుండె రక్తనాళాలను ఎక్స్‌రే కింద కదులుతుండగా చూసే గది. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, అందులోంచి మందు వదిలితే, గుండె మీది రక్తనాళాలు తెర మీద చెట్టు కొమ్మల్లా నల్లగా కనబడతాయి. డాక్టరు గారు టేబుల్ దగ్గర ఉంటారు. టెక్నీషియన్లం మేం అద్దానికి ఇవతల, కంప్యూటర్ల ముందు కూర్చుంటాం. బొమ్మ తీయడం, రికార్డు చేయడం, అంకె చదివి చెప్పడం మా పని.

ఈ అంకె చదవడం గురించి కొంచెం చెప్పాలి. యాంజియోగ్రామ్‌లో రక్తనాళం సన్నబడినట్టు కనబడినంత మాత్రాన అది గుండెకు అపకారం చేస్తోందని కాదు. పూర్తిగా మూసుకుపోయినదీ, ఇట్టే తెలిసిపోయేంత సన్నబడినదీ అయితే గొడవ లేదు. మధ్యరకానివే ఇబ్బంది. ఒక డాక్టరు కంటికి స్టెంటు వేయాలనిపిస్తుంది, ఇంకో డాక్టరు కంటికి మందులు చాలనిపిస్తుంది. ఆ సందేహం తీర్చడానికి చేసేదే ఎఫ్‌ఎఫ్‌ఆర్. వెంట్రుకంత తీగ కొసన ప్రెషర్ కొలిచే సెన్సర్ ఉంటుంది. ఇరుకుకు ముందు రక్తం ప్రెషర్ ఎంతో గొట్టం నుంచి, ఇరుకు దాటాక ఎంతో తీగ నుంచి, రెండూ చూసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తాం. అడ్డేమీ లేకపోతే ఒకటి వస్తుంది. పాయింట్ ఎయిట్ జీరో, అంతకంటే తక్కువ వస్తే ఆ ఇరుకు గుండెకు రక్తం తగ్గిస్తోందని లెక్క, సాధారణంగా స్టెంటు వేస్తారు. అంతకు పైన వస్తే మందులతో సరి.

ఆ వేసవిలో ఒక గురువారం మా టేబుల్ మీదికి పెద్దిరాజు గారు వచ్చారు. యాభై రెండేళ్ళ మనిషి. కైకలూరు అవతల కొల్లేటి లంక ఊరు. చేపల చెరువుల్లో పట్టుబడికి వల లాగే ముఠాకు మేస్త్రి. ఇరవై మంది గొంతు లోతు నీళ్ళలో దిగి, చెరువు ఒక కొస నుంచి రెండో కొసకు వల లాక్కుంటూ వస్తారు. వల వంకర పోకుండా కేకలేసి నడిపించేది ఈయన. రెండు నెలలుగా నీళ్ళలో దిగి పది అడుగులు లాగేసరికి రొమ్ము పట్టేస్తోంది. గట్టెక్కి కూర్చుంటే పోతోంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిద్దామంటే మోకాలు నొప్పితో సగంలో ఆపేశారు. ఆ పరీక్ష ఎటూ తేలలేదు. యాంజియోగ్రామ్ తీస్తే గుండె ముందువైపు దిగే పెద్ద రక్తనాళంలో, మేం ఎల్‌ఏడీ అంటాం, ఒకచోట ఇరుకు కనబడింది. సరిగ్గా ఆ మధ్యరకందే.

మా కార్డియాలజిస్టు శ్రీధర్ గారు తెర వైపు కాసేపు చూసి, "కొలుద్దాం" అన్నారు.

తీగ సిద్ధం చేస్తుండగా నేను టేబుల్ దగ్గరికెళ్ళి పెద్దిరాజు గారికి చెప్పాను. "పెద్దిరాజు గారూ, కాలవలోంచి చెరువుకి నీళ్ళు పెట్టే తూము ఉంటుంది కదండీ. తూముకి అవతల నీళ్ళెంత మట్టంలో ఉన్నాయి, ఇవతల ఎంత మట్టంలో ఉన్నాయి అని చూస్తామండి."

"తూములో గుర్రపుడెక్క అడ్డం పడితే ఇవతల మట్టం పడిపోద్ది. అంతేనాండీ?"

"అంతేనండీ."

"అయితే నాకు తెలిసిన పనేనండి ఇది" అని నవ్వారు. ఆయన పక్కన ఉంటే టేబుల్ మీద పడుకున్నది ఆయనో మనమో అనిపించేంత ధైర్యం.

పద్ధతి ప్రకారం ముందు సెన్సర్‌ను గొట్టం కొస దగ్గర ఆపి, రెండు ప్రెషర్లూ సమానం చేశాను. తెర మీద ఒకటి అని వచ్చింది. తీగ ఇరుకు దాటింది. అడినోసిన్ ఎక్కించారు. రక్తనాళాలను వీలైనంత విప్పే మందు అది. ఒక్క నిమిషం మనిషిని బాగా ఇబ్బంది పెడుతుంది.

"ఏవండీ, రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందండీ" అన్నారు పెద్దిరాజు గారు.

"మందు వల్లేనండీ. ఒక్క నిమిషం ఓర్చుకోండి" అని మైకులో చెప్పాను.

అంకె దిగుతూ వచ్చింది. పాయింట్ మాట వదిలి చెప్తే తొంభై, ఎనభై ఏడు, ఎనభై నాలుగు. ఎనభై మూడు దగ్గర నిలబడింది. అప్పుడే క్యాజువాల్టీ నుంచి ఫోను. గుండెపోటు కేసు, బీపీ పడిపోతోంది, టేబుల్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది అని. మాకున్నది ఒక్కటే టేబుల్.

"ఎంత?" అన్నారు శ్రీధర్ గారు.

"పాయింట్ ఎయిట్ త్రీ, సార్."

"గుడ్. మందులు చాలు. తీగ తీసేస్తున్నా."

ఇక్కడ ఒక మెట్టు ఉంది. తీగ పూర్తిగా బయటికి తీసే ముందు, సెన్సర్‌ను మళ్ళీ గొట్టం కొస దగ్గర ఆపి, రెండు ప్రెషర్లూ ఇంకా సమానంగానే ఉన్నాయా అని చూడాలి. ఆ సెన్సర్ చాలా సున్నితమైనది. పని మధ్యలోనే ఒక్కోసారి కొంచెం పైకో కిందికో జరిగిపోతుంది. దాన్ని డ్రిఫ్ట్ అంటాం. డ్రిఫ్ట్ ఉంటే వచ్చిన అంకె నమ్మడానికి లేదు, మళ్ళీ కొలవాలి. "సార్, డ్రిఫ్ట్ చెక్" అని గుర్తు చేయాల్సింది టెక్నీషియనే. నాకు తెలుసు. తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు చెప్పినదాన్ని. ఆ రోజు ఫోను చెవిన పెట్టుకుని, "పది నిమిషాలు, తీసుకురండి" అంటున్నాను. తీగ బయటికి వచ్చేసింది. నేను రికార్డింగ్ ఆపేశాను.

గుండెపోటు కేసు బతికింది. ఆ హడావిడిలో పెద్దిరాజు గారికి మందుల చీటీ ఇచ్చి, శ్రీధర్ గారు నాలుగు మాటలు చెప్పారు. "స్టెంటు అక్కర్లేదు. మందులు వేసుకోండి. నెల తర్వాత కనబడండి." వెళ్ళేటప్పుడు పెద్దిరాజు గారు నా కోసం అద్దాల తలుపు దాకా వచ్చి, "నా తూములో డెక్క లేదంట కదండీ!" అన్నారు. నేను తర్వాతి కేసుకు ఏప్రన్ వేసుకుంటున్నాను. "అవునండీ, జాగ్రత్తగా ఉండండి" అన్నాను. ఆయన అన్నమాట సరైనది కాదు. ఇరుకు ఉంది, అది స్టెంటు వేయాల్సినంతది కాదు అని చెప్పాలి. ఆ తేడా విడమరిచి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పలేదు.

సోమవారం కాస్త తీరిక దొరికింది. గురువారం కేసుల సీడీలు రాయాలి. పెద్దిరాజు గారి రికార్డింగ్ సరిగా ఎక్కిందో లేదో చూడడానికి చివరికంటా నడిపాను. రికార్డింగ్ ఆపే ముందు, తీగ వెనక్కి వస్తూ గొట్టం కొస దగ్గర మూడు సెకన్లు ఆగింది. ఆ మూడు సెకన్లలో తెర మీద ఒకటి రావాలి. వన్ పాయింట్ జీరో సిక్స్ ఉంది.

అంటే సెన్సర్ పైకి జరిగింది. ఇరుకు దాటాక ప్రెషర్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. అసలు అంకె ఎనభై మూడు కాదు. డెబ్బై ఎనిమిదో, ఆ చుట్టుపక్కలో.

ముందుకీ వెనక్కీ జరిపి నాలుగుసార్లు చూశాను. మరేదైనా కారణం దొరుకుతుందేమోనని చూశాను. తర్వాత వెళ్ళి శ్రీధర్ గారిని పిలుచుకొచ్చాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, రెండుసార్లు చూశారు. ఎవరి తప్పన్న మాట ఎత్తలేదు. "నేను కూడా ఆగి చూడాల్సింది" అన్నారు. "అతన్ని పిలిపించు, సునీతా. మళ్ళీ కొలుద్దాం. అవసరమైతే స్టెంటు వేసి పంపిద్దాం."

ఫోను చేశాను. పెద్దిరాజు గారి వెనక ఐసు పగలగొడుతున్న చప్పుడు, మనుషుల కేకలు.

"ఏవండీ మేడం గారూ! బాగున్నారాండీ? నేను భేషుగ్గా ఉన్నానండి."

"పెద్దిరాజు గారూ, ఒకసారి మళ్ళీ రావాలండీ. డాక్టరు గారు చూస్తానంటున్నారు."

"నెల తర్వాత కదండీ రమ్మన్నారు?"

"ముందే చూస్తే మంచిదనుకుంటున్నారండీ."

"ఈ వారం మూడు చెరువులు పట్టుబడి ఉందండి. అవి అవ్వగానే వచ్చేస్తాను. ఆయ్."

మంగళవారం మళ్ళీ చేశాను. గురువారం చేశాను. శుక్రవారం ఫోను ఆయన భార్య జయమ్మ గారు ఎత్తారు. "ఆయన నీళ్ళలో ఉన్నారండి. చెప్తానండి" అన్నారు. శనివారం శ్రీధర్ గారిని అడిగాను, నేనే వెళ్ళి తీసుకొస్తానని. "వెళ్ళు. కానీ భయపెట్టకు. భయంతో ఇంకోచోటికి పోతే మన చేతిలో ఉండడు. మళ్ళీ ఒకసారి చూడాలని చెప్పు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పమనలేదు. ఇది గుర్తుపెట్టుకుని చదవండి.

ఆదివారం ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. కొల్లేరు మీది రోడ్డుకు రెండువైపులా చెరువులే. కైకలూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే, లంక ఊరి చివర చెరువు గట్టు మీద దింపాడు. పట్టుబడి సగంలో ఉంది. వల దగ్గరికి లాగేశారు, లోపల చేపలు తుళ్ళుతున్నాయి. నీళ్ళలో వరసగా తలలు, భుజాలు. మధ్యలో పెద్దిరాజు గారు, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎడమవైపు వాళ్ళను కేకలేస్తున్నారు. నన్ను చూసి గట్టు వైపు నడిచి వచ్చారు. నీళ్ళు ఓడుతున్న మనిషి, రొప్పుతున్నారు. ఆ రొప్పు వల లాగడం వల్లా, గుండె వల్లా అన్నది అక్కడ నిలబడి నేను తేల్చలేను.

"ఒరేయ్, ఇటు చూడండ్రా!" అని ముఠాను కేకేశారు. "నా గుండె కొలిచిన మేడం గారు ఈవిడే! చెప్పండి మేడం గారూ, నా గుండెకేం పర్లేదని చెప్పండి వీళ్ళకి. నమ్మట్లేదండీ."

నీళ్ళలోంచి ఒకాయన అరిచాడు. "మా మేస్త్రిది బండరాయి గుండెంట కదండీ!"

అందరూ నవ్వారు. ఆయన నాకు దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి చెప్పారు. "రెండు నెలలు నేను మూల కూర్చుంటే, ముఠాని వేరేవాళ్ళకి అప్పగిద్దామన్నారండీ. మీ కాయితం చూపించాకే మళ్ళీ నా మాట విన్నారు. ఇప్పుడు మళ్ళీ ఆస్పత్రికెళ్ళానంటే అయిపోయిందండి నా పని. అంతకీ ఏంటండీ విషయం? నెంబరు మారిందా?"

ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూస్తూ అడిగారు. నేను ఇంత దూరం వెళ్ళింది ఆ ఒక్క మాట కోసమే. "మారింది. నేను సరిగా చూడలేదు. నా పొరపాటు" అంటే సరిపోయేది. ఇరవై మంది ఇటే చూస్తున్నారు. ఆయన ముఖంలో ఆ వెలుగు. అవన్నీ ఉన్నాయి, కానీ వాటి వెనక ఇంకొకటి కూడా ఉంది. మా క్యాథ్‌ల్యాబ్‌లో సునీత చదివిన అంకె అంటే తిరుగుండదని పేరు. ఆ పేరు నాకు ముద్దు.

"మారలేదండీ. ఊరికే ఒకసారి సరిచూసుకుందామని" అన్నాను.

"దానికోసం మీరు ఇంత దూరం వచ్చారా అండీ! బుధవారం తప్పకుండా వస్తానండీ. ఒట్టు."

ఆటో ఎక్కేముందు ఒక సంచిలో రెండు శీలావతి చేపలు వేసి ఇచ్చారు. వద్దన్నా వినలేదు. బస్సులో అవి కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. బుధవారం ఎంతో దూరం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మంగళవారం పదకొండున్నరకు క్యాజువాల్టీ నుంచి ఫోను. కైకలూరు నుంచి అంబులెన్సులో గుండెపోటు కేసు, నొప్పి మొదలై నాలుగు గంటలు దాటింది అన్నారు. స్ట్రెచర్ తలుపులోంచి రాగానే తువ్వాలు చుట్టిన తల కనబడింది. చొక్కా లేదు, వంటి మీద ఇంకా చెరువు బురద. పొద్దున్న వల లాగుతూ నీళ్ళలోనే ఒరిగిపోయారట. ముఠావాళ్ళు గట్టెక్కించి, అరుగు మీద పడుకోబెట్టి, గ్యాసు అనుకుని సోడా తాగించారట. అది తగ్గకపోయేసరికి కైకలూరు, అక్కడి నుంచి ఇక్కడికి.

టేబుల్ మీదికి మారుస్తుంటే కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"మేడం గారూ... బుధవారం వస్తానన్నాను కదండీ. ఒకరోజు ముందే వచ్చేశాను."

ఛాతీ మీద బురద తుడిచి ఈసీజీ స్టిక్కర్లు అంటించాను. రెండు ఊడి వచ్చేశాయి, మళ్ళీ అంటించాను.

తెర మీద ఆ ఎల్‌ఏడీ సరిగ్గా ఆ ఇరుకు దగ్గర తెగ్గొట్టినట్టు ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. శ్రీధర్ గారు తీగ దాటించి, రక్తపు గడ్డ లాగి, స్టెంటు వేశారు. రక్తం దిగింది. కానీ నాలుగు గంటలు రక్తం అందని కండరం తిరిగి రాదు. మర్నాడు ఎకో తీస్తే గుండె ముందుగోడ కదలడం లేదు. పంపింగ్ ఇరవై ఐదు శాతం. మామూలుగా అరవై దాకా ఉంటుంది.

బయట వరండాలో జయమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఆయన మందులు వేసుకుంటున్నారా అని అడిగాను.

"నాలుగు రోజులు వేసుకుని ఆపేశారండి. ఏం లేదన్నారు కదా, ఇంక ఎందుకు మింగడం అన్నారండి."

సాయంత్రం ఆ సంగతి శ్రీధర్ గారికి చెప్పాను. నా తప్పు కొంత తగ్గుతుందన్న ఆశ ఆ చెప్పడంలో ఉందని ఆయనకు అర్థమైందనుకుంటాను.

"డెబ్బై ఎనిమిది వచ్చి, మందులతో ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళు ఉన్నారు" అన్నారు. "తొంభై వచ్చి వారంలో పోయినవాళ్ళూ ఉన్నారు. రక్తనాళం లోపలి ఆ కొవ్వు పూత ఎప్పుడు పగులుతుందో ఏ తీగా చెప్పదు. మందులు వేసుకుని ఉంటే ఏమయ్యేదో, గురువారమే స్టెంటు వేసి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలీదు. నీ వల్లే అని నువ్వు అనలేవు, సునీతా. నీ వల్ల కాదని నేనూ అనలేను."

తర్వాత ఆయన కేసు షీటులో డ్రిఫ్ట్ సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టారు. నన్నూ పెట్టమన్నారు. పెట్టాను.

పెద్దిరాజు గారు వారం తర్వాత ఇంటికెళ్ళారు. ముఠా పోయింది, అది చెప్పక్కర్లేదు. నెలన్నరకు రివ్యూకొచ్చినప్పుడు గుర్తుపట్టలేదు నేను. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. బస్టాండు నుంచి ఆటో దిగి లిఫ్ట్ దాకా నడవడానికి మూడుచోట్ల ఆగారట. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమని, నేనూ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అటువైపు జయమ్మ గారు.

"పెద్దిరాజు గారూ, మీకొక సంగతి చెప్పాలండీ. మొదటిసారి మీ గుండె కొలిచినప్పుడు వచ్చిన అంకె తప్పండీ. చివర్లో ఒకసారి సరిచూడాలి. ఆ రోజు నేను అది చూడలేదు. అసలు అంకెకైతే మీకు అప్పుడే స్టెంటు వేసేవాళ్ళు."

గోడ మీద ఫ్యాను తిరుగుతూ ఇటు వచ్చినప్పుడు జయమ్మ గారి చీర చెంగు కదిలేది.

"ఆ తప్పు ఎక్కడుందో చూడొచ్చాండీ?" అన్నారు పెద్దిరాజు గారు.

లోపలికి తీసుకెళ్ళి రికార్డింగ్ పెట్టాను. గొట్టం దగ్గర ప్రెషర్‌ది ఎర్ర గీత, తీగ కొస ప్రెషర్‌ది ఆకుపచ్చ గీత. ఒకదాని మీద ఒకటి పడాల్సినచోట సన్నటి ఎడం. ఆయన కుర్చీలో ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టారు.

"ఇదేనాండీ?"

"ఇదేనండీ."

"ఇంతేనా."

జయమ్మ గారు తెర వైపు చూడలేదు. నన్ను చూశారు. నేను తల దించుకున్నాను.

"మేడం గారూ" అన్నారు పెద్దిరాజు గారు. "మీరు మా చెరువు దగ్గరికి వచ్చారు కదండీ ఆదివారం. అప్పటికి మీకు ఇది తెలుసాండీ?"

"తెలుసండీ."

"నెంబరు మారిందా అని అడిగానండీ నేను."

"అడిగారండీ."

ఆయన మాట మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతోంది. "మిషను అన్నాక తప్పు రావచ్చండీ. మా వల కూడా ఒక్కోసారి చిరుగుద్ది, ఎవరం చూసుకోం. దాని గురించి నేనేం అనను. కానీ అప్పుడు ఆ ఒక్క మాట చెప్పుంటే, వల వదిలేసి మీ ఆటోలోనే వచ్చేసేవాణ్ణండి. నలుగురూ నవ్వినా వచ్చేసేవాణ్ణి. నాకేం తెలుసండీ, మీరు సరదాకి వచ్చారనుకున్నాను."

నిజంగా వచ్చేసేవారో లేదో నాకు తెలియదు. ముఠా కోసం ఇంకో రెండు రోజులు ఆగేవారేమో. అది తేల్చుకునే అవకాశం ఆయనకు ఇవ్వకుండా చేసింది నేను. క్షమించమని అడిగాను. ఆయన తల ఊపారు. అది సరేనన్న ఊపో, ఇక చాలన్న ఊపో తెలియలేదు. లేవడానికి జయమ్మ గారు చెయ్యి ఇచ్చారు. నేను ఇవ్వబోయిన చెయ్యి ఆవిడ చూడనట్టే ఉండిపోయారు.

ఆ తర్వాత మూడుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా ఆయన పలకరించేవారు, ఆవిడ పలకరించేవారు కాదు. నాలుగోసారి రాలేదు. వారం చూసి ఫోను చేశాను. జయమ్మ గారు ఎత్తారు.

"ఆయన మొన్న శుక్రవారం పోయారండి" అన్నారు, మామూలు గొంతుతోనే. "నిద్రలోనేనండి. మందులు చాలా మిగిలిపోయినయ్యండి. మొన్ననే నెలకి సరిపడా తెచ్చాం. అక్కడ ఎవరికన్నా పనికొస్తాయాండీ?"

ఏం చెప్పానో గుర్తు లేదు. ఆసుపత్రిలో అలా తీసుకోరని చెప్పానేమో. నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే. ఫిర్యాదు చేయలేదు, ఎవరినీ వెంటబెట్టుకుని రాలేదు. చేసి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఈ కేసు నుంచి ఏం నేర్చుకున్నారని కొత్తగా చేరిన టెక్నీషియన్లు అడుగుతారు. మా ల్యాబ్‌లో ఇప్పుడు తీగ బయటికి రావాలంటే టెక్నీషియన్ "డ్రిఫ్ట్ చెక్ అయింది" అని పైకి అనాల్సిందే, క్యాజువాల్టీ ఫోను మోగుతున్నా సరే. అది వాళ్ళకు మొదటిరోజే చెప్తాను. "స్టెంటు అక్కర్లేదు" అంటే "జబ్బు లేదు" అని కాదని, పేషెంటు చేత తిరిగి చెప్పించుకునేదాకా చీటీ చేతికివ్వకూడదని రెండోరోజు చెప్తాను. ఇవి పద్ధతులు, నేర్చుకోవడం కష్టం కాదు.

మూడోది అంత తేలికగా చెప్పలేను. కిందటి ఏడాది చింతలపూడి నుంచి వచ్చిన ఒక ఆవిడ కేసులో, సాయంత్రం రికార్డింగ్ చూస్తే నేను గొట్టాన్ని ఉప్పునీటితో సరిగా కడిగించకుండానే రెండు ప్రెషర్లూ సమానం చేశానని అనుమానం వచ్చింది. అప్పటికి ఆవిడ ఊరు చేరిపోయింది. శ్రీధర్ గారికి చెప్పి, వెంటనే ఫోను చేశాను. "అమ్మా, ఇవాళ మీకు చెప్పిన అంకె తప్పయి ఉండొచ్చండీ. పొరపాటు నాది. రేపు మళ్ళీ వచ్చి చేయించుకోవాలి" అన్నాను. ఆవిడ తిట్టింది. ఆయిల్‌పామ్ తోటలో పని మానుకుని వచ్చానంది, మళ్ళీ చేతికి సూది పొడుస్తారా అంది, మీకు జీతాలు దేనికిస్తారంది, ఆసుపత్రి మీద పేపర్లో రాయిస్తానంది. పావుగంట తిట్టింది. ఆవిడ అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు గనక వింటూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చింది, ఇంకా కోపంగానే. మళ్ళీ కొలిచాం. అంకె మారలేదు. అది విని ఇంకో రెండు మాటలు అని వెళ్ళిపోయింది.

చెరువు గట్టు మీద పెద్దిరాజు గారి దగ్గర నేను తప్పించుకున్నది ఆ పావుగంటే.